దీపాలవేళ మొక్కు

ఫోన్ మోగేసరికి నా చేతులు రెండూ మోచేతుల దాకా మిరపకాయల్లో ఉన్నాయి. కల్లంలో కూర్చుని ఎర్రకాయ ఒక పక్కకీ తాలుకాయ ఒక పక్కకీ ఏరుతున్నాం. పైట చెంగుతో ఫోన్ పట్టుకుని చెవికి ఆనించాను.

"హేమశ్రీ గారేనా? కంటి ఆసుపత్రి నుంచండీ. సర్వేకి మీరు సెలెక్టయ్యారు. సోమవారం నుంచి నరసరావుపేటలో ట్రైనింగ్."

మూడు నెలల ఉద్యోగం. ఇంటింటికీ వెళ్ళి కళ్ళు పరీక్ష చెయ్యటం. బీఎస్సీ జువాలజీ చదివి, పెళ్ళయి రెండు నెలలైనా కాకుండానే నాకో ఐడీ కార్డు, నా ఫొటోతో! నాకు సంతోషం వస్తే కళ్ళల్లో నీళ్ళొస్తాయి. నీళ్ళొస్తే తుడుచుకుంటాను. ఏ చేత్తో తుడుచుకుంటున్నానో మాత్రం చూసుకోను. కళ్ళ ఉద్యోగం వచ్చిందని తెలిశాక నేను చేసిన మొట్టమొదటి పని, మిరపచేత్తో రెండు కళ్ళూ నులుముకోవటం.

"కళ్ళ ఉద్యోగం వచ్చింది! అమ్మో! అత్తయ్యా!"

కళ్ళు తెరవలేను. అయినా అత్తయ్య ఎటు నుంచి వస్తోందో, ఎంత దూరంలో ఉందో తెలుస్తూనే ఉంది. ఘల్లుఘల్లున కల్లం దాటి, నీళ్ళ డ్రమ్ము దగ్గర ఆగి, మళ్ళీ నా వైపు. మా అత్తయ్య ధనమ్మకి యాభై మూడేళ్ళు. ఇప్పటికీ మువ్వల పట్టీలు పెట్టుకుంటుంది. ఊరంతా నవ్వుకుంటారు. నాకు మాత్రం ముచ్చటగా ఉండేది. ఫణి నాకు కొనిచ్చిన మొదటి వస్తువు కూడా మువ్వల పట్టీలే. ఈ ఇంటి మగవాళ్ళకి ఎంత సరసమో అనుకునేదాన్ని.

"ఆపవే, నులమబాక! నీళ్ళు కొడతన్నా, తెరువు" అంది అత్తయ్య.

"కళ్ళ డాక్టరమ్మ ముందు తన కళ్ళకి చూపిచ్చుకోవాల" అంది పక్కింటి రత్నకుమారి పిన్ని, కాయలు ఏరటం ఆపకుండానే. కల్లమంతా పగలబడి నవ్వారు. ఏడుస్తూ నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం ఫణి ఎప్పటిలాగే పొద్దుండగానే ఇంటికొచ్చాడు. మా ఇంటికో మొక్కు ఉంది. ఈ ఇంటి మగవాళ్ళు దీపాలవేళ దాటాక గడప దాటరు. మామయ్యగారి తండ్రి కోటప్పకొండ స్వామికి మొక్కుకున్నాడట. అప్పటి నుంచీ పొద్దు గూకకముందే ఇల్లు చేరటం, వెలుతురుండగానే అన్నం తినటం. నా స్నేహితురాళ్ళ మొగుళ్ళు రాత్రి పదింటికి కూడా ఇంటికి రారు. నా మొగుడు ఆరింటికల్లా నా ఎదురుగా ఉంటాడు. ఇలాంటి మొక్కు ఊరికొకటి ఉంటే బాగుండునని ఫోన్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

మామయ్యగారు హనుమయ్య ఐడీ కార్డు సంగతి విని, "సర్వే అంటే అన్ని గడపలూ తొక్కుతావన్నమాట" అన్నాడు. "నా గురించి ఎవరేమంటన్నారో కూడా రాసుకురా అమ్మాయ్."

ఆయన పోయినసారి సర్పంచి ఎన్నికల్లో పదకొండు ఓట్లతో ఓడిపోయాడు. మళ్ళీ నిలబడాలని ఆయన కోరిక. ఎవరేమంటున్నారో నాకప్పటికే తెలుసు. హనుమయ్యకి పొగరు. ఎదురుగా నిలబడి దండం పెడితే నవ్వుతాడు గానీ, పక్కనుంచి పెడితే మనిషిని మనిషిగా చూడడు.

*

ట్రైనింగ్ మూడు వారాలు. పొద్దున్నే బస్సులో కిటికీ పక్క సీటు, మధ్యాహ్నం క్యాంటీన్లో చింతపండు పులిహోర, చేతిలో చిన్న టార్చి. ఆ టార్చి ఎవరి కంట్లో వేసినా నల్లపాప టక్కున ముడుచుకుంటుంది. ఆ ముడుచుకోవటం చూడటానికి బస్సులో కండక్టరుకి కూడా వెయ్యబోయి తిట్లు తిన్నాను.

మాకు పాఠం చెప్పింది షాహిస్తా మేడమ్. పొట్టిగా, గట్టి గొంతుతో ఉండేది. పెద్ద ప్లాస్టిక్ కన్ను తెచ్చి ముక్కలుగా విప్పి బల్ల మీద పెట్టేది. ముందు కార్నియా, గడియారం మీద అద్దంలా. వెనక కంటిపాప. దాని వెనక లెన్సు.

"ఈ లెన్సు ఉల్లిపాయలా పొర మీద పొర పెరుగుతుంది. ఒక్క పొర కూడా రాలదు. మీ నాయనమ్మ కంట్లో శుక్లం చూస్తారు చూడండి, దాని నడిమధ్యలో ఆవిడ వాళ్ళమ్మ కడుపులో ఉన్నప్పటి పొర ఉంటుంది."

నోట్సులో ఓ ఉల్లిపాయ బొమ్మ గీసుకున్నాను.

"కడుపులో నాలుగో వారంలోనే మెదడు నుంచి రెండు మొగ్గలు బయటికొస్తాయి. అవే కళ్ళవుతాయి. అంటే కన్ను వేరే అవయవమేం కాదు. మెదడు బయటికి తొంగి చూడటం. రెప్పలు మూడో నెలకి మూతపడి, ఏడో నెల దగ్గర్లో మళ్ళీ తెరుచుకుంటాయి."

వెనకబెంచీలో నేను ఊరికే పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాను. ఏమీ లేదు అక్కడ, పులిహోర తప్ప. అయినా పెట్టుకున్నాను.

చివరిగా రెటీనా. నా నోట్సులో ఈ పేజీ ఆకుపచ్చ పెన్నుతో, అండర్‌లైన్లతో, అందంగా ఉంటుంది: "నడుమ ఉన్న కణాలు పగటి వెలుతురుకీ, రంగులకీ. అంచుల్లోవి ఎక్కువగా మసక వెలుతురుకీ, పక్కచూపుకీ. అంచులు ముందు చెడితే మనిషికి మొదట సందెచీకట్లో కనపడదు. తర్వాత పక్కలు కనపడవు. ఎదురుగా మాత్రం సూదిలో దారం ఎక్కించగలడు." పక్కన ఓ సూది బొమ్మ కూడా వేసి, పేజీ తిప్పేశాను.

ఇళ్ళల్లోకి వెళ్ళేటప్పుడు చప్పుడు చేసే నగలు వద్దన్నారు మేడమ్. పట్టీలు తీసి డబ్బాలో పెట్టాను. ఆ సాయంత్రమే మా మొదటి పోట్లాట.

"ఎందుకు తీశావ్?" అన్నాడు ఫణి.

"డ్యూటీలో వద్దన్నారు."

"డ్యూటీలో వద్దంటే ఇంటికొచ్చాక పెట్టుకోవచ్చుగా."

"రోజుకి రెండుసార్లు పెట్టి తీసి ఎవరు చస్తారు? పట్టీల మీద ఇంత ఇదేంది నీకు?"

ఆ పూట అన్నం దగ్గర ముభావంగా ఉన్నాడు. మొగుడు పట్టీల కోసం అలిగాడని చెబితే నా స్నేహితురాలు అరగంట నవ్వింది. నాకూ గర్వంగానే అనిపించింది.

*

సర్వే మొదలైంది. గోడకి చార్టు తగిలించి, ఆరు మీటర్ల తాడు కొలిచి మనిషిని నిలబెట్టటం. చార్టు మీద కొమ్ములు పైకీ కిందకీ పక్కలకీ తిరిగిన గుర్తులుంటాయి. ఏ గుర్తు ఎటు తిరిగిందో చేత్తో చూపించాలి, ఒక కన్ను మూసుకుని.

రత్నకుమారి పిన్ని వేళ్ళ సందుల్లోంచి మూసిన కంటితోనే చూసింది.

"పిన్నీ, దొంగచూపు చూడబాక."

"ఏందే, పాసవ్వొద్దా నేను? మా వదినకంటే ఎక్కువ మార్కులేసుకో."

ఒకాయన కంట్లో పొట్టు పడితే ఆముదం వేసుకుని వారం కూర్చున్నాడు. నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు పూసింది. ఆయన్ని అదే రోజు ఆటో ఎక్కించి నరసరావుపేట పంపాం. ఒక ముసలమ్మకి పాత కళ్ళజోడు పెడితే, తన మనవడి ముఖం మీద మచ్చ మొదటిసారి చూసి, "ఇదెప్పుడు వచ్చిందిరా?" అంది. "పుట్టినప్పుడే నాయనమ్మా" అన్నాడు వాడు, పెళ్ళీడు వాడు. ఇలాంటివి రోజుకి నాలుగు. ఇంటికొచ్చి ఇవన్నీ చెప్పేదాకా నాకు కాలు నిలిచేది కాదు. ఫణి గడప మీద కూర్చుని, చీకటి పడేకొద్దీ నా మాటల వైపే ముఖం పెట్టి వినేవాడు. ఇంత బాగా వినే మగవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

శివరాత్రి వచ్చింది. కోటప్పకొండ తిరునాళ్ళ. రాత్రి ప్రభలు చూడాలని నా పట్టుదల.

"మొక్కు సంగతేంది?" అన్నాడు ఫణి.

"మొక్కు ఎవరికి? కొండ మీది స్వామికి. తిరునాళ్ళ ఎవరిది? ఆయనదే. ఆయన ఇంటికి ఆయన పనిమీద పోతే ఆయనే అడ్డం చెబుతాడా?"

ఈ వాదనకి నవ్వేశాడు. మామయ్యగారు అడ్డం చెప్పలేదు. అత్తయ్య మాత్రం నా స్కూటీ దాకా వచ్చి, "వాడి చెయ్యి వదలబాక" అంది. కొత్తజంటకి చెప్పే మాటే కదా అనుకున్నాను.

ప్రభలు ఆకాశానికి నిచ్చెనలు వేసినట్టున్నాయి. రంగుబల్బులు పరిగెడుతున్నాయి, పాటలు హోరెత్తుతున్నాయి, నాకు ఏ వైపు చూడాలో తెలియలేదు. బెల్లం జీళ్ళు కొన్నాం. పట్టీలు ఆ రోజు సరదాగా పెట్టుకున్నాను గానీ, జనంలో ఎవడైనా లాగేస్తాడని తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఫణి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అందరి ముందూ! నాకు గాలిలో నడిచినట్టుంది.

పొద్దు గూకి కాసేపైంది, ఇంటికి బయల్దేరాం. స్కూటీ పెట్టింది చాలా దూరంలో, కోసేసిన వరిమడిలో. వెలుతురు దాటి అటు నడుస్తుంటే, "మాట్లాడతా ఉండు హేమా" అన్నాడు.

ఇంకేం కావాలి నాకు? చెయ్యి వదిలేసి ముందు నడుస్తూ వాగుతూనే ఉన్నాను. ఏ ప్రభ ఎత్తు, ఏ ప్రభ వంకర, ఎవరి చీర బాగుంది. కాసేపటికి ఒక జీడి నోట్లో వేసుకున్నాను. అది పళ్ళకి అతుక్కుంది. అర నిమిషం మాట్లాడలేదు. వెనక్కి తిరిగి చూశాను.

ఫణి పది అడుగుల అవతల నిలబడిపోయి ఉన్నాడు. గట్టు పక్కన. రెండు చేతులూ కొంచెం ముందుకి చాపి ఉన్నాయి. ముఖంలో చిన్న నవ్వు. ఆ నవ్వు నా వైపు లేదు. నేను లేని చోటు వైపు ఉంది.

"హేమా?" అన్నాడు, అటే చూస్తూ.

నాకు మసకమసగ్గా అన్నీ కనపడుతున్నాయి. గట్టు, మోళ్ళు, స్కూటీ. అతని చొక్కా గుండీలు కూడా.

"ఇక్కడ" అన్నాను. అతని ముఖం నా గొంతు వైపు తిరిగింది. వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"తాళాలివ్వు. నేను నడుపుతా, నాకు సరదాగా ఉంది" అన్నాను.

ఎందుకని అడగలేదు. తాళాలిచ్చాడు.

ఇల్లు చేరేసరికి అత్తయ్య వాకిట్లో నిలబడి ఉంది. "ఎవరు నడిపారే?"

"నేనే అత్తయ్యా."

"మంచిది. కాళ్ళు కడుక్కోండి" అని లోపలికి పోయింది.

*

తర్వాత వారం నేను నేనుగా లేను. ఆకుపచ్చ పేజీ తీయటం, మూయటం. పట్టపగలు మంచినీళ్ళ గ్లాసు ఫణి ఎడమవైపు, చెవికి కాస్త ముందుగా పట్టుకుని నిలబడేదాన్ని. చూసేవాడు కాదు. పెళ్ళైన కొత్తలో పక్కనుంచి వచ్చి 'భౌ' అని ఎన్నిసార్లు బెదిరించానో, ఎన్నిసార్లు ఉలిక్కిపడితే నవ్వానో. అవన్నీ గుర్తొచ్చి అన్నం సహించేది కాదు. ఎవరితోనైనా చెప్పాలని నాలుక దురద, చెబితే నిజమైపోతుందని భయం. తెల్లవారితే ఇరవై ఇళ్ళు తిరగాలి. అందరి కళ్ళలోకీ టార్చి వేసేదాన్ని, ఇంటికొచ్చి మొగుడి కళ్ళలోకి చూడలేకపోయేదాన్ని.

పెద్దబజారు చివర ఖాదర్ వలి తాత ఇంటికి వెళ్ళింది ఆ వారంలోనే. ఎనభై దాటాయి. రెండు కళ్ళలోనూ ముత్యాల్లా శుక్లాలు. ఆపరేషన్ చీటీ రాసిస్తుంటే, "హనుమయ్య కోడలివంట కదా?" అన్నాడు. "మీ ఇంటి మొక్కు ఎట్టా పుట్టిందో తెల్సా?"

"మామయ్యగారి నాన్న మొక్కుకున్నారట."

"మొక్కుకున్నాళ్ళే. ఓ రోజు సందేళ చేలోంచి వస్తా బావిలో పడ్డాడు. పుట్టి పెరిగిన చేనమ్మా, రోజూ నీళ్ళు తోడే బావి. మా నాయనే మోకేసి లాగాడు. ఎట్టా పడ్డావురా అంటే మాట్లాడలా. తెల్లారి లేచి ఊరందరికీ చెప్పాడు, కోటయ్యకి మొక్కుకున్నా, ఇంక దీపాలేళ దాటి బయటికి రానని." తాత నవ్వాడు. "మంచి మొక్కే. ముందురోజు దాకా లేదు, అంతే."

వీధి మలుపులోనే షాహిస్తా మేడమ్‌కి ఫోన్ చేశాను. పేర్లు చెప్పకుండా, "ఒక ఇంట్లో మూడు తరాల మగవాళ్ళకి" అన్నాను.

"మనం జబ్బుకి పేరు పెట్టం హేమశ్రీ. పంపిస్తాం. రేచీకటిలో కొన్ని తిండి లోపం వల్ల వస్తాయి, బాగవుతాయి. కొన్ని రక్తంలో వస్తాయి. వాటిలో పోయిన చూపు సాధారణంగా తేలేం. ఎంత మిగిలిందో, ఎంత వేగంగా పోతోందో చెప్పగలం. పెద్దవాళ్ళకి దానిమీద శుక్లం కూడా వస్తుంది, అది తీస్తే కొంత వెలుతురు. గుంటూరులో రెటీనా డాక్టరుకి చూపించాలి. ఎంత త్వరగా అయితే అంత మంచిది." నా గొంతులో ఏం పట్టుకుందో, "నువ్వు అన్నం తిన్నావా?" అంది.

మధ్యాహ్నం వంటింట్లో అత్తయ్య చింతపండు పిసుకుతోంది. నేను పీట లాక్కుని పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆవిడే మొదలుపెట్టింది.

"తిరునాళ్ళలో తెలిసిందా?"

"మీకు తెలుసా అత్తయ్యా?"

"నాకు పెళ్ళైన పదో రోజునే తెల్సు. ఈ వయసులో ఈ గజ్జెలెందుకనుకున్నావే, నాట్యం చెయ్యటానికా? నేనేడున్నానో ఆయనకి తెలవొద్దూ!"

"మామయ్యకి తెలుసా, తనకి..."

"ఆయనకి తెలవకేం? నాకు తెల్సన్న సంగతే ఆయనకి తెలవదు." చింతపండు పిప్పి తీసి అవతల పెట్టింది. "పక్కనుంచి దండం పెట్టినోళ్ళు కనపడక పదకొండు ఓట్లు పోగొట్టుకున్నాడు. పొగరంటే పడతాడమ్మాయ్. గుడ్డోడంటే పడతాడా? పిల్లోడి పెళ్ళప్పుడు మీ వాళ్ళకి చెబుదామన్నా నోరు పెగల్లా. ఆ తప్పు నాది. తిట్టాలంటే నన్ను తిట్టు."

కోపం వచ్చింది. తిట్టాలనే అనిపించింది. కానీ ముప్ఫై ఏళ్ళు కాళ్ళకి గజ్జెలు కట్టుకుని చప్పుడు చేస్తూ తిరిగిన మనిషిని ఏమని తిట్టను? ఏడ్చాను. ఈసారి చేతులకి కారం లేదు.

*

సర్వే ఆఖరికి వచ్చింది. మా ఇల్లు కూడా రాయాలి. నాలుగింటికి వరండాలో చార్టు తగిలించాను. మామయ్యగారు కండువా సర్దుకుని నిలబడి, రెండు కళ్ళతోనూ కిందివరుస దాకా తడుముకోకుండా చెయ్యి చూపించాడు.

"చూశావా? ఊళ్ళో ఎవడికైనా ఉన్నాయా ఇట్టాంటి కళ్ళు?"

"లేవు మామయ్యా. ఇంకొక పరీక్షుంది. ఎదురెదురు కూర్చుని, పక్కన వేలు ఊపితే కనపడ్డప్పుడు చెప్పాలి."

ఆయన ముఖం మారింది. "అదంతా ఎందుకు, ముందు వాడికి చెయ్యి."

"అయితే మీరే చెయ్యండి. నేను రాసుకుంటాను."

తండ్రీ కొడుకులు మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నారు. ఫణి తండ్రి ముక్కు వైపు చూస్తున్నాడు. మామయ్యగారు చెయ్యి పక్కకి చాపి, కొడుకు చెవికి కాస్త ముందుగా చూపుడువేలు ఊపటం మొదలుపెట్టాడు.

ఫణి ఏమీ అనలేదు.

వేలు ఊగుతూనే ఉంది. వీధిలో తాలుకాయ బస్తాలు వేసుకుని ట్రాక్టరు వెళ్ళింది. అత్తయ్య గుమ్మంలో కదలకుండా నిలబడింది, మువ్వ కూడా మోగకుండా.

"మొదలుపెట్టు నాన్నా" అన్నాడు ఫణి.

మామయ్యగారి వేలు ఆగలేదు. ఊపుతూనే, నెమ్మదిగా ముందుకి తెచ్చాడు. బుగ్గ దాటింది. కంటి కొస దాటింది.

"ఆఁ, ఇప్పుడు ఊపావ్."

రెండో వైపూ అంతే. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కొడుకు ముఖంలోకి చూశాడు. ఆయనకి బాగా కనపడేది అదొక్కటే కదా, ఎదురుగా ఉన్నది.

"నా వేలు నాకే కనపడలేదురా" అన్నాడు చివరికి. "నీకేం కనపడుద్ది."

నేను కాగితం మీద ఏమీ రాయలేకపోయాను. ఫణి తల వంచుకుని తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. వాళ్ళిద్దరూ చేతులు పట్టుకోవటం నేను అంతకుముందు చూడలేదు.

"ఎక్కడికి పోవాలమ్మాయ్?"

"గుంటూరు మామయ్యా. కళ్ళలో చుక్కలేసి చూస్తారు. సాయంత్రమైపోతుంది."

ఆయన లేచి కండువా దులిపాడు. సర్పంచి పోటీకి నిలబడుతున్నానని చెప్పిన రోజు కూడా ఇలాగే దులిపాడని తర్వాత అత్తయ్య చెప్పింది.

"ధనా, రేపు పొద్దున ఆరింటి బస్సు. నలుగురం పోతన్నాం. రొట్టెలు కట్టు."

"తిరిగొచ్చేసరికి చీకటి పడుద్దయ్యా" అంది అత్తయ్య మెల్లగా.

"పడనీ." గుమ్మం వైపు తిరిగి, ఆవిడ కాళ్ళ వైపు చూసి, తర్వాత నా కోసం ముఖం అటూ ఇటూ తిప్పి వెతికి పట్టుకున్నాడు. "అమ్మాయ్, రేపు నువ్వు కూడా పట్టీలు పెట్టుకో. మీ అత్తాకోడళ్ళు ముందు నడవండి. మేం వెనకొస్తాం."